మొదటి ఖుర్బానీ చేయబోతున్న అల్లుడికి

అల్లుడూ, అస్సలాము అలైకుం.

విజయనగరంలో వేరు కాపురం పెట్టాక నీకిది మొదటి బక్రీద్. ఇన్నాళ్ళూ మీ నాన్న చూసుకునేవారు, నువ్వు సంచులు మోసేవాడివి. ఇప్పుడు మేకను ఎంచడం దగ్గర్నుంచి తోలు పంపించడం దాకా అంతా నీ నెత్తినే. ఈ పనిలో తెలియక చెడేది తక్కువ, తొందరలో చెడేది ఎక్కువ. అందుకే పండగ ఇంకా దూరంగా ఉండగానే రాస్తున్నాను.

ముందు ఖుర్బానీ, అంటే పండగకు ఇచ్చే జంతుబలి, ఎవరిమీద పడుతుందో లెక్క తేల్చుకో. అప్పులూ ఇంటి అవసరాలూ పోను 612.36 గ్రాముల వెండి, పాత లెక్కలో యాభై రెండున్నర తులాలు, అంత విలువ చేసే సొత్తు ఎవరికి ఉంటే వాళ్ళమీద మనం పాటించే హనఫీ ధర్మశాస్త్ర పద్ధతిలో వాజిబ్, అంటే తప్పనిసరి. ఏటా సొత్తు మీద ఇచ్చే జకాత్ దానానికి లాగా ఏడాది నిండక్కర్లేదు, పండగ రోజుల్లో చేతిలో ఉంటే చాలు. మన ఇళ్ళల్లో పొరపాటు ఇక్కడే జరుగుతుంది. మగవాడు తన పేరిట ఒక మేకను కోసి ఇంటిల్లిపాదికీ అయిపోయిందనుకుంటాడు. నీ భార్య బంగారం ఆమెది. ఒట్టి బంగారమే ఉంటే ఏడున్నర తులాల లెక్క. దాంతో పాటు కాస్త డబ్బో, వెండి పట్టీలో ఉంటే అన్నీ కలిపి వెండి లెక్కతోనే చూడాలి. అలా చూస్తే మూడు తులాల బంగారం, బ్యాంకులో కొంత సొమ్ము ఉన్నా ఆమెకు విడిగా పడుతుంది. ఆమె సరేనంటే ఆమె తరఫున నువ్వే చేయొచ్చు గానీ, మేక మాత్రం ఇంకొకటి కావాలి. ఒక మేక ఒకరికే. లెక్కకు రాకపోతే అప్పు చేసి కోయకు, పక్కింటివాళ్ళ మేకతో మనకు పోటీ లేదు. పెద్ద పశువుల్లో ఏడుగురు వాటా పడొచ్చని షరియత్ చెబుతుంది. కానీ మన రాష్ట్రంలో 1977 నాటి గోవధ నిషేధ చట్టం ఉంది, ఆవు జోలికీ దూడల జోలికీ పోవద్దు. మేకో గొర్రో చాలు.

ఇక మేక సంగతి. అలమండ లాంటి సంతకు పోయినా, ఊళ్ళో మంద దగ్గరకే పోయినా, పండగకు పది రోజుల ముందే పో. చివరి మూడు రోజుల్లో రేటూ ఎక్కువే, ఉన్న సరుకూ అందరూ ఏరుకోగా మిగిలినదే. మేకకు చాంద్రమానంలో ఏడాది నిండాలి. గొర్రెకు ఆరు నెలలు దాటి, ఏడాది జీవాల మధ్య నిలబెడితే తేడా తెలియనంత ఒళ్ళుంటే సరిపోతుంది. వయసుకు గుర్తు పళ్ళు. కింది పెదవి వేలితో కిందికి లాగి చూడు. పాలపళ్ళు బియ్యపు గింజల్లా సన్నగా, తెల్లగా ఉంటాయి. మధ్యనున్న రెండూ రాలి వాటి చోట వెడల్పుగా, ఒకింత పసుపు తిరిగిన పళ్ళు వచ్చి ఉంటే 'రెండు పళ్ళు వేసింది' అంటారు, నిశ్చింతగా కొను. పాలపళ్ళు పోయి ఖాళీ మాత్రమే కనబడుతుంటే, అవి వాటంతటవే రాలాయో ఎవరైనా రాల్చారో చెప్పలేం. వదిలేయ్. ఇంట్లో పెంచినవాడు, నమ్మకస్తుడు ఏడాది నిండిందంటే పళ్ళు రాకపోయినా చెల్లుతుంది.

కన్ను పోయినది, కోసే చోటుదాకా నడవలేనంత కుంటిది, ఎముకలో మూలుగ లేనంత బక్కది, చెవి గానీ తోక గానీ మూడో వంతుకు మించి తెగినది, కొమ్ము మొదలంటా విరిగినది పనికిరావు. పుట్టుకతో కొమ్ముల్లేకపోయినా, విత్తులు కొట్టినదైనా ఇబ్బంది లేదు. బేరానికి ముందు నాలుగడుగులు నడిపించు. తోక ఎత్తి చూడు, పారుడు అంటుకుని ఉంటే వద్దు. కాటా మీద కొనేటప్పుడు పొట్ట తట్టి చూడు. ఉప్పు పెట్టి నీళ్ళు తాగించి తూకం పెంచేవాళ్ళు ఉంటారు. ప్రాణంతో పాతిక కేజీలు తూగితే ఎముకతో కలిపి పదకొండు, పన్నెండు కేజీల మాంసం వస్తుంది. పంచాల్సిన ఇళ్ళు లెక్కేసుకుని మరీ కొను.

ఇంటికి తెచ్చాక ప్రేమకొద్దీ అన్నం, బియ్యం, గోధుమలు కుమ్మరించకండి. ఆకులు మేసిన పొట్టకు ఒక్కసారిగా గింజ పడితే పులిసి, కడుపుబ్బి, రెండో రోజుకే పడిపోతుంది. పండగలోపు చచ్చిపోతే వాజిబ్ ఉన్నవాడు మళ్ళీ కొనాల్సిందే. పనస కొమ్మలు, రావి మండలు, సుబాబుల్ వేయండి. ఈ ఏళ్ళలో బక్రీద్ రోహిణి కార్తె ఎండల్లో పడుతోంది, రేకుల షెడ్డు కింద మాత్రం కట్టొద్దు. ముందురోజు రాత్రి నుంచి మేత ఆపేసి నీళ్ళు మాత్రం పెట్టు. పొట్ట నిండుగా ఉంటే విప్పేటప్పుడు పేగు తెగి మాంసమంతా పాడవుతుంది.

బక్రీద్ వచ్చే జిల్‌హజ్ నెల నెలవంక కనబడ్డాక ఖుర్బానీ అయ్యేదాకా గోళ్ళు, జుట్టు తీయకపోవడం మంచిది. ఆ నెల తొమ్మిదో తేదీ అరఫా రోజా (ఉపవాసం) వీలైతే ఉండు. ఆ రోజు ఫజర్ (తెల్లవారు నమాజు) నుంచి పదమూడో తేదీ అసర్ (సాయంత్రపు నమాజు) దాకా ఇరవై మూడు నమాజులు, ప్రతి ఫర్జ్ (విధి నమాజు) తర్వాత ఒకసారి తక్బీర్, అంటే అల్లాహు అక్బర్ అంటూ చెప్పే స్తుతి, తప్పనిసరి. మగవాళ్ళు గట్టిగా, ఆడవాళ్ళు లోగొంతుతో. పండగ ఉదయం ఏమీ తినకుండా పండగ నమాజు జరిగే ఈద్గాకు వెళ్ళు, మేక కోశాక దాని మాంసంతోనే నోరు తెరవడం బాగుంటుంది.

ఈద్ నమాజు జరిగే ఊళ్ళో ఆ నమాజు కాకముందే కోస్తే అది ఒట్టి మాంసమే, ఖుర్బానీ మళ్ళీ ఇవ్వాలి. ఆరింటికే ఖసాయి (మేకను కోసేవాడు) ఖాళీగా ఉన్నాడు కదాని కోయించేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు! ఖసాయిలు తక్కువున్న మన ఊళ్ళల్లో తొందర పుట్టేది దీనివల్లే. పదో తేదీ కుదరకపోతే పదకొండు ఉంది, పన్నెండో తేదీ మగ్రిబ్ (పొద్దుగూకే వేళ) లోపు కూడా చెల్లుతుంది. మొదటి రోజు మేలన్న మాటే గానీ, చీకట్లో ఆదరాబాదరాగా కోయడం కంటే మర్నాడు ఉదయం నయం.

నీ చేత్తో చేయగలిగితే నువ్వే చేయి, లేకపోతే పక్కన నిలబడు. కత్తి అడుగు పొడవుండాలి, అంచున నొక్కుండకూడదు. మేక ముందు నూరొద్దు, ఒకదాని కళ్ళెదుట ఇంకోదాన్ని కోయొద్దు. మనకు కిబ్లా, అంటే నమాజుకు తిరిగే మక్కా దిక్కు, పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది, కాబట్టి తల దక్షిణానికి పెట్టి ఎడమ పక్కకు పడుకోబెడితే ముఖం, కాళ్ళు కిబ్లాకు వస్తాయి. పెనుగులాటలో కాలు విరిగినా ఖుర్బానీ చెల్లుతుంది, కంగారు పడకు. 'బిస్మిల్లాహి అల్లాహు అక్బర్' అని గొంతు కింద ఆపకుండా కోయాలి. గాలిగొట్టం, ఆహారనాళం, రెండు పక్కలా రక్తనాళాలు నాలుగూ తెగాలి, కనీసం మూడైనా తెగాలి. ఖసాయి కత్తి మీద నువ్వూ చెయ్యి వేస్తే ఇద్దరూ బిస్మిల్లా అనాలి. ఒకరు అంటారులే అని కావాలని మానేస్తే హలాల్ కాదు. తల విడగొట్టొద్దు, కత్తిమొనతో వెన్నుపాము పొడవొద్దు. కదలిక పూర్తిగా ఆగేదాకా తోలు మీద చెయ్యి వేయనివ్వకు. వరసలో ఇంకో పది ఇళ్ళున్న ఖసాయి ఇక్కడే తొందరపెడతాడు. నువ్వు ఆపాలి.

ప్రవక్త ఇబ్రాహీం అలైహిస్సలాంను అల్లా బలిగా అడిగింది అన్నిటికన్నా ప్రియమైన కొడుకును. తండ్రీ కొడుకూ ఇద్దరూ తలవంచాకే బదులుగా జీవం వచ్చింది. వాటి మాంసమూ రక్తమూ అల్లాకు చేరవు, మీ తఖ్వాయే (దైవభక్తే) చేరుతుందని ఖురాన్ హజ్ సూరా 37వ ఆయత్‌లో ఉంది. ఆ తఖ్వా ఉందో లేదో బయటపడేది వాటాల దగ్గరే. మూడు భాగాలు చేయి: ఇంటికి, చుట్టాలూ స్నేహితులకు, పేదలకు. మేకకు తూచి పంచాలన్న నియమం లేదు. కానీ తొడలు ఫ్రిజ్‌లోకి, మెడా పక్కటెముకలూ పేదల సంచిలోకి పోవడం నాకు నచ్చని పని. ముక్కలన్నీ ఒకచోట కలిపి, ఆ తర్వాతే సంచులు కట్టించు. రక్తం, పిత్తాశయం, మూత్రాశయం, గడ్డలు, ఆడ మగ గుర్తులు, విత్తులు తినేవి కావు, పక్కన పెట్టించు. మాంసం వేడి మీదే కవర్లలో బిగిస్తే ఈ ఎండకు మధ్యాహ్నానికే వాసన వేస్తుంది. గాలి తగిలే చోట చాప మీద పరిచి ఆరనిచ్చి పంచు.

పక్కిళ్ళ హిందువులకూ ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. అయితే ముందు అడుగు. 2025లో పండగ శనివారం పడింది, శనివారం నీచు ముట్టని ఇళ్ళు మన వైపు బోల్డు. అలా పడితే వాళ్ళ వాటా విడిగా ఫ్రీజర్లో పెట్టి మర్నాడు పంపు. కోసేచోట పరదా కట్టు. రక్తం వీధి కాలవలోకి వదలకు. మోకాలు దాటిన లోతు గొయ్యి తీసి పేగుల చెత్త వేసి, సున్నం చల్లి పూడ్చు. చోటు లేకపోతే మున్సిపాలిటీ బండికి గట్టి సంచిలో కట్టి ఇవ్వు. పెద్దచెరువు గట్టు మీద మాత్రం పారేయొద్దు.

ఖసాయి కూలి డబ్బుగానే ఇవ్వాలి. తల, కాళ్ళు, తోలు కూలి కింద జమ కట్టకూడదు. కూలి ఇచ్చేశాక ఇష్టమైతే మాంసం విడిగా పెట్టు. తోలు నువ్వు వాడుకోవచ్చు, అమ్మితే ఆ డబ్బు బీదలదే. తోళ్ళ ధర పడిపోయిందని చాలామంది మూల పడేస్తున్నారు, కొన్ని గంటల్లోనే పాడవడం మొదలై ఎవరికీ పనికిరాకుండా పోతుంది. లోపలివైపు పైకి పెట్టి, కేజీ దొడ్డుప్పు అంచులదాకా రుద్ది, మడిచి, నీడన పెట్టి అదే సాయంత్రం మదరసాకు చేర్చు.

ఖసాయితో మాట్లాడి, ఏ రోజు ఏ టైముకు వస్తాడో ఈ శుక్రవారం లోపు నాకు ఫోన్ చేసి చెప్పు. మీ అమ్మకు సలాం.

మీ మామూ