దొరసానిలో 'సాని'ని తీసేయాలా?

సందేహం: మాది ఉదయగిరి దగ్గర ఒక పల్లె. మా ముత్తవ్వ ఊరి కోసం తవ్వించిన మంచినీళ్ల బావి గట్టు మీద పాత రాతిపలక ఉంది. అందులో ఆమె పేరు తర్వాత 'దొరసాని' అని చెక్కారు. ఇప్పుడు బావి బాగుచేయించి కొత్త పలక పెట్టిస్తున్నాం. మా అబ్బాయేమో "సాని అంటే చెడ్డమాట, నలుగురూ నవ్వుతారు, తీసేసి శ్రీమతి అని పెట్టిద్దాం" అని ఒకటే టెన్షన్ పడుతున్నాడు. దొరసాని అంటే దొరగారి భార్య అనేనా? ఆ మాట ఉంచొచ్చా? (ఒక పాఠకురాలు)

సమాధానం: ఉంచండమ్మా. నిరభ్యంతరంగా ఉంచండి. అది మీ ముత్తవ్వకు ఊరు ఇచ్చిన గౌరవం.

'సాని' సంస్కృతంలోని 'స్వామిని' నుంచి ప్రాకృతం మీదుగా మనకు వచ్చిన మాట. 'స్వామి' మన నోట 'సామి' అయినట్టే 'స్వామిని' 'సాని' అయింది. యజమానురాలు, ఏలిక అని దాని అర్థం. సామికి దణ్ణం పెట్టే నోటితో సానిని తిట్టుగా ఎలా వాడుతున్నామో ఒక్కసారి ఆలోచించండి. రెండూ ఒక్క ఇంట పుట్టిన మాటలే.

శాసనాలు చూస్తే ఈ మాటకు ఒకప్పుడు ఎంత విలువ ఉండేదో తెలుస్తుంది. కాకతీయుల తొలినాళ్లలో వాళ్లకు అండగా నిలిచిన విరియాల వంశంలో కామసాని ఉంది. తెలుగు పద్యాలున్న, తెలంగాణలోని గూడూరు శాసనం గురించి చదివినవాళ్లకు ఆమె పేరు తెలుసు. మన వైపుకు వద్దాం. 1325 ప్రాంతంలో అద్దంకి రాజధానిగా ప్రోలయ వేమారెడ్డి రాజ్యం మొదలుపెట్టాడు. ఆయన కొడుకు అనవేమారెడ్డి. ఈ అనవేముడి తోబుట్టువు పేరు వేమసాని. ఆమె పేరు మీద ఆయన నడుపూరు అనే గ్రామాన్ని దానం చేసినట్టు రాగిరేకుల శాసనమే ఉంది. సొంత తోబుట్టువు పేరును దానశాసనంలో రాయించే రాజు అందులో తప్పుమాట ఉంటే ఉంచుతాడా? అప్పట్లో పెద్దింటి ఆడవాళ్ల పేర్ల చివర అమ్మ, అక్క, దేవి ఎలా చేరేవో సాని కూడా అలాగే చేరేది.

మరి చెడ్డ అర్థం ఎక్కడినుంచి వచ్చింది? గుడిలో దేవుడి ముందు ఆడి పాడే స్త్రీలను కూడా సానులు, గుడిసానులు అనేవారు. అదీ గౌరవంగానే. 'సాని మున్నూరు' అని వాళ్ల సమూహం పేరు శాసనాల్లో కనిపిస్తుంది. మున్నూరు అంటే మూడు వందలు. గుడి వ్యవహారాల్లో వాళ్లకూ స్థానం, మాటా ఉండేవి. తర్వాతి కాలంలో రాజ్యాలు పోయి, మాన్యాలు పోయి, ఆ స్త్రీల బతుకులు ధనవంతుల దయ మీద ఆధారపడ్డాయి. సంఘం వాళ్లను చిన్నచూపు చూసింది. ఆ చిన్నచూపు మాటకూ అంటుకుంది. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ వ్యవస్థను చట్టంతో ఆపింది. వ్యవస్థ ఆగింది కానీ మాటకు పట్టిన మరక మాత్రం అలాగే ఉండిపోయింది. ఇందులో ఆ ఆడవాళ్ల తప్పు ఎంత ఉందో ఆ మాట తప్పూ అంతే. అంటే ఏమీ లేదు.

మరకపడని చోట్లు ఇంకా ఉన్నాయి. పురుడు పోసే ఆమెను మంత్రసాని అంటాం. "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అని సామెత చెప్పేటప్పుడు ఎవరూ తడుముకోరు. పెమ్మసాని, అల్లసాని అని ఇంటిపేరు చెప్పుకునేవాళ్లూ సిగ్గుపడరు. మీ అబ్బాయికి ఈ ఉదాహరణలు చెప్పి చూడండి.

ఇక దొరసాని. దొర అంటే ప్రభువు. 'దొరతనము' అంటే పరిపాలన. ఇంగ్లీషువాళ్ల ప్రభుత్వాన్ని పాత కాగితాల్లో 'దొరతనమువారు' అనే రాసేవారు. దొరసాని అంటే దొర భార్య కావచ్చు, తానే ఏలే ఆమె కావచ్చు, కేవలం ఒక పెద్దింటి ఇల్లాలూ కావచ్చు. సందర్భమే చెప్పాలి. భర్త పేరు లేకుండా మీ ముత్తవ్వ పేరు ఒక్కటే పలక మీద ఉంటే, ఊరు ఆమెను ఆమెగానే గుర్తుపెట్టుకుందని నేను అనుకుంటాను.

తెల్లవాళ్లు వచ్చాక వాళ్ల ఆడవాళ్లకూ ఈ మాటే దక్కింది. 1866లో ఒంగోలు వచ్చిన మిషనరీ క్లౌను మనవాళ్లు క్లౌ దొర అన్నారు. దొర ఇల్లాలు దొరసాని, పెళ్లికాని ఆమె మిస్సమ్మ. ఆ తేడా జనం ఎవరూ చెప్పకుండానే పెట్టుకున్నారు. సూళ్లూరుపేట, తడ దాటి తమిళంలోకి వెళ్లినా దొర అక్కడ దురై, దొరసాని దురైసాని. మన మాట పక్కింట్లోనూ గౌరవంగానే కూర్చుంది. కన్నడంలో దొరెసాని ఉంది.

అయితే ఒక సంగతి మరిచిపోకూడదు. తెలంగాణ పల్లెల్లో దొర, దొరసాని అంటే చాలామందికి గడీ, వెట్టిచాకిరీ గుర్తొస్తాయి. "నీ బాంచెన్, కాల్మొక్త" అనిపించుకున్న పెత్తనం అది. ఆ బాధ పడ్డవాళ్ల ముందు ఈ మాటను గొప్పగా వాడమని నేను అనను. మీ బావి సంగతి వేరు. ఊరికి నీళ్లిచ్చిన ఆమెకు ఊరు పెట్టిన పేరు అది.

మా కందుకూరు వైపు నా చిన్నతనంలో, పని చెప్పినా కదలని పిల్లను "ఏంది దొరసానీ, లేస్తావా లేదా" అని మురిపెంగా కసిరేవారు. ఆ పిలుపులో వెక్కిరింపు ఉన్నా తక్కువచేయడం లేదు. పిల్లను ఆటపట్టించడానికి కూడా ఎత్తైన మాటే కావాల్సి వచ్చింది చూడండి!

'శ్రీమతి' అని మారిస్తే ఏం పోతుందని మీ అబ్బాయి అడగొచ్చు. శ్రీమతి ఈ రోజుల్లో పెళ్లయిన ప్రతి ఆమెకూ వాడే మాట. దానిలో తప్పు లేదు, కానీ మీ ముత్తవ్వ ఏం చేసిందో, ఊళ్లో ఆమె ఎలా నిలబడిందో అందులో ఉండదు. కొత్త పలక మీద పేరు తర్వాత 'దొరసాని గారు తవ్వించిన బావి' అని రాయించండి. 'దొరసాణి' అని రాస్తే ఒప్పుకోవద్దు, 'న' సరైనది. చెక్కేవాడికి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చి, చెక్కకముందే ఒకసారి చూసుకోండి. పాత పలకను మాత్రం తీసి పారేయొద్దు. కొత్తదాని పక్కనే, ఎండావానా తగలని చోట నిలబెట్టండి.