ముసలి దొంగ చివరి దోపిడీ: తాళాల పని చేసిన మా మామతో చూసిన సినిమా

వయసు మీద పడిన దొంగ చివరిసారిగా ఒక పెద్ద దోపిడీకి దిగే సినిమాల్లో, దొంగతనం నిజంగా ఒక చేతిపనిలా కనిపించేది ఏదని మీరు అడిగారు. నా జవాబు 1955లో వచ్చిన ఫ్రెంచి చిత్రం ‘రిఫీఫీ’. సినిమాలు బాగా తెలిసినవాడిగా చెబుతున్న మాట కాదిది. నల్లగొండలో గడియారం చౌరస్తాకు దగ్గరలో 40 ఏళ్లు తాళాలు, బీరువాలు బాగుచేసిన మా మేనమామ పక్కన కూర్చుని చూశాను కాబట్టి చెబుతున్నాను.

కథ చిన్నదే. ఐదేళ్లు జైల్లో ఉండి వచ్చిన టోనీ అనే దొంగ దగ్గుతూ, పేకాటలో ఉన్నది పోగొట్టుకుంటూ రోజులు వెళ్లదీస్తుంటాడు. నగల దుకాణం అద్దం పగలగొట్టి అందినకాడికి ఎత్తుకుపోదామని స్నేహితులు పిలిస్తే మొదట కాదంటాడు. తర్వాత ఒప్పుకుంటాడు గానీ, అద్దంలో పెట్టిన నగలు కాదు, లోపలున్న ఇనప్పెట్టెనే కొట్టాలని షరతు పెడతాడు. దర్శకుడు జూల్స్ డాసిన్ కమ్యూనిస్టు ముద్ర పడి అమెరికాలో పని దొరకక ఐరోపా చేరినవాడు. ఈ చిత్రానికే ఫ్రాన్సులో జరిగే కాన్ సినిమా ఉత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్నాడు, పెట్టె తెరిచే ఇటలీవాడి వేషం కూడా తానే వేశాడు.

దోపిడీ ఘట్టం సుమారు అరగంట ఉంటుంది. అందులో మాట లేదు, సంగీతం లేదు. స్వరకర్త జార్జ్ ఓరిక్ దానికోసం సంగీతం రాసి కూడా, సంగీతం లేకుండా ఆ ఘట్టాన్ని చూశాక తన స్వరాన్ని తానే వద్దనుకున్నాడు. అప్పటిదాకా ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు చదివి మామకు తెలుగులో చెబుతూ వచ్చిన నాకు ఆ అరగంట పని లేకుండా పోయింది. అర్థం చెప్పే పని ఆయనకు పడింది. పై అంతస్తు నుంచి దుకాణం కప్పుకు చిన్న రంధ్రం చేసి, అందులోంచి మూసిన గొడుగును కిందికి దించి తెరుస్తారు. కప్పు పెచ్చులు కింద పడి చప్పుడు కాకుండా ఆ గొడుగులోనే పడతాయి. అది చూసి మామ, “అల్లుడా, వీనికి పని తెలుసు” అన్నాడు. అలారం మోగకుండా మంటలార్పే సిలిండరులోని నురగను దాని లోపలికి కొట్టే ఉపాయం కూడా అప్పటికప్పుడు తట్టింది కాదు. అలాంటి అలారాన్నే ముందు తెచ్చుకుని, ఇంట్లో పరీక్షించి కనుక్కున్నది. ఆ పరీక్షలో విఫలమైన ప్రయత్నాలు కూడా చూపించడం మామకు మరీ నచ్చింది.

ఆయన మెచ్చుకోవడానికి కారణం నాకు తెలుసు. తనకు 68 ఏళ్లు ఉన్నప్పుడు మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు యజమాని చనిపోతే, ఆయన పాత ఇనప్పెట్టె తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఇదే ఆఖరు పని అని చెప్పి మామ నన్ను తోడు తీసుకుపోయాడు. అప్పటికే ఆయన చేతులు వణికేవి. ఇంకా పళ్లు చెక్కని ఉత్త తాళంచెవికి దీపపు మసి పట్టించి, తాళంలో పెట్టి మెల్లగా తిప్పి, బయటికి తీసి, మసి చెదిరినచోటే ఆకురాయితో రెండు మూడు గీతలు రాసేవాడు. మళ్లీ మసి, మళ్లీ తాళం. తాళం లోపలి మీట కదిలే సన్నటి చప్పుడు వినబడాలని ఫ్యాను కట్టేయించాడు. ఇంటివాళ్లంతా చెమటలు కారుతూ నిలబడ్డారు. మూడు గంటలకు తాళం తిరిగింది. చిత్రమేమిటంటే, టీ గ్లాసు పట్టుకోవడానికి కూడా వణికే ఆ చెయ్యి ఆకురాయి పట్టినంతసేపు వణకలేదు. తలుపు తెరుచుకోగానే మామ పెట్టెకు వీపు తిప్పి కూర్చుని సామాను సర్దుకున్నాడు. లోపల ఏముందో ఆయన చూడలేదు, నన్నూ చూడనివ్వలేదు.

సినిమాలో టోనీ పని కూడా తాళం దగ్గర చెడదు. (కథ ముందే తెలియడం ఇష్టంలేనివారు ఈ పేరా వదిలేయవచ్చు.) జట్టులో ఒకడు దోచిన నగల్లోంచి ఒక ఉంగరాన్ని పాటలు పాడే అమ్మాయికి ఇస్తాడు, అక్కడినుంచి అంతా బయటపడుతుంది. ఇది కేవలం సినిమా కల్పన అనుకోకండి. 2015 ఏప్రిల్‌లో లండన్‌లోని హ్యాటన్ గార్డెన్‌లో నగల లాకర్ల గదిని కొల్లగొట్టిన ముఠాలో చాలామంది వృద్ధులే, అందరికన్నా పెద్దవాడికి 76 ఏళ్లు. అర మీటరు మందమున్న కాంక్రీటు గోడకు పక్కపక్కనే మూడు రంధ్రాలు తొలిచారు గానీ, వెనుకనున్న లాకర్ల బీరువా కదలక మొదటి రాత్రి ఉత్త చేతులతో తిరిగి వెళ్లారు. ఆ పెద్దాయన మళ్లీ రాలేదు. మిగిలినవారు కొత్త పరికరం కొనుక్కుని వచ్చి పని పూర్తిచేశారు. చివరికి వాళ్లపై కేసు బిగిసింది మాత్రం, పోలీసులు వాళ్ల కార్లలో రహస్యంగా అమర్చిన మైకులకు చిక్కిన వాళ్ల కబుర్ల వల్ల.

ఒక విషయం ముందే చెప్పాలి. టోనీ తనను విడిచి వెళ్లిన స్త్రీని బెల్టుతో కొట్టే ఘట్టం ఒకటి మొదట్లోనే వస్తుంది. దెబ్బలు తెరమీద కనబడకపోయినా చూడటానికి కష్టంగానే ఉంటుంది, ఆ తర్వాత అతని మీద నాకు జాలి పూర్తిగా కలగలేదు. ఇంట్లో పిల్లలతో కలిసి చూడదగిన సినిమా కాదు. నిడివి దాదాపు రెండు గంటలు. దోపిడీ పూర్తయ్యాక ఇంకా చాలా కథ ఉంటుంది కాబట్టి అక్కడితో లేచిపోకండి.

ఫోనులో మాత్రం చూడకండి, ఆ అరగంటలో సుత్తి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండే నిశ్శబ్దం పెద్ద తెర మీద, చప్పుడు లేని గదిలోనే తెలుస్తుంది. మేము చూసింది మే నెల మధ్యాహ్నం, నల్లగొండ ఎండ సంగతి మీకు తెలిసిందే. గొడుగు తెరుచుకున్న కాసేపటికి మామ లేచి వెళ్లి, ఎవరినీ అడగకుండా, ఫ్యాను కట్టేసి వచ్చి కూర్చున్నాడు.