రేకుల షెడ్డు ఎక్కి క్లీన్ చేసుకోవచ్చా అంటే... ముందు ఎక్కకుండా ఎంత అవుతుందో చూడండి

మీరు గుంటూరు బ్రాడీపేటలో ఇంటి ముందు కార్ పెట్టుకోడానికి కలర్ రేకులు వేయించా, వెలుతురు కోసం మధ్యలో ఫైబర్ రేకులు పెట్టించా, ఇప్పుడు వేపాకు పేరుకుపోయి వానొస్తే నీళ్ళు కారుతున్నాయి, నేనే ఎక్కి తుడుచుకోవచ్చా అని అడిగారు కదండీ. మాది విజయవాడ సత్యనారాయణపురం. మా ఇంటి ముందూ ఇలాంటి షెడ్డే, పక్కింటి వాళ్ళ కానుగ చెట్టు నీడ వాళ్ళకి, ఆకులు మాకు. అందుకని ఈ పని నాకు బాగా అలవాటు.

ఎక్కొచ్చు, కానీ ఆకులు తుడవడానికైతే అసలు ఎక్కక్కర్లేదు. పొడుగు పైపుకి ఒక పక్క మెత్తటి బ్రష్ కట్టుకుని, మీ డాబా మీంచో ఫస్ట్ ఫ్లోర్ కిటికీలోంచో వాటం ఎటుంటే అటు కిందకి లాగేస్తే సగం పైన వచ్చేస్తాయి, మిగిలినవి ట్యూబు పెట్టి నీళ్ళు కొడితే గట్టర్లోకి, అంటే రేకుల అంచున వాన నీళ్ళు పోయే తొట్టిలోకి, పోతాయి. ఆ పైపు మాత్రం ఇనుముది, అల్యూమినియంది వద్దు, ప్లాస్టిక్‌ది తీసుకోండి, ఎందుకంటే మన వీధుల్లో సర్వీస్ వైరు సరిగ్గా షెడ్డు మీంచే వస్తుంది. వైరు చేతికి అందేంత దగ్గర్లో ఉంటే తడి రేకు మీద ఏ పనీ పెట్టుకోకండి, 1912కి ఫోన్ చేసి లైన్‌మాన్‌ని రమ్మనండి, వైరు పైకి లాగించుకున్నాకే మిగతాది.

గట్టర్‌కి నిచ్చెన చాలు, రేకు మీదకి పోనవసరం లేదు. నిచ్చెన దగ్గరే ఎక్కువ మంది పడేది. నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున కింద కాలు బయటికి జరపాలి, అంటే నిచ్చెన ఆనేది ఎనిమిది అడుగుల ఎత్తులో అయితే కింద రెండడుగులు దూరం. పై కొన అంచు మీంచి ఇంకో మూడడుగులు పైకి ఉండాలి, లేకపోతే ఎక్కేటప్పుడు దిగేటప్పుడు చేత్తో పట్టుకోడానికి ఏం ఉండదు. ఆనించేది రేకు అంచుకి కాదు, కింద ఉన్న ఇనప పైపుకి, తాడేసి కట్టేయండి. పార్కింగ్ టైల్స్ మీద నీళ్ళు పడితే నిచ్చెన కాళ్ళు జారతాయి, నేను అడుగున రబ్బరు మ్యాట్ వేసి మా అబ్బాయిని పట్టుకోమంటా, వాడు ఫోన్ జేబులో పెట్టాకే కాలు పైకి పెడతా.

ఇక రేకు మీదకి పోక తప్పదు, స్క్రూలు చూడాలి అంటే ముందు అది ఏ రేకో తేల్చుకోండి. సిమెంట్ రేకైతే మనిషి ఎక్కకూడదు, అంతే. పాతబడే కొద్దీ పెళుసెక్కి ఉంటుంది, పైకి గట్టిగానే కనపడుతుంది, మా వీధిలో ఒక పెయింటర్ కాలు పెట్టగానే మోకాలి దాకా దిగిపోయింది, పైపు అడ్డం ఉండబట్టి కిందకి రాలేదు. దాన్ని పొడిగా గీకడం, బ్రష్‌తో రుద్దడం కూడా వద్దు, చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఫైబర్ రేకు మీద కూడా అడుగు పెట్టకూడదు. మీకు అసలు ప్రమాదం అక్కడే ఉంది, దుమ్ము పట్టాక ఫైబర్ రేకూ కలర్ రేకూ పైనుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. ముందు రోజే కింద నుంచి చూసి ఏ వరసలో ఉన్నాయో గుర్తు పెట్టుకుని, పైన వాటి చుట్టూ రంగు గుడ్డ ఏదైనా కట్టించండి.

కలర్ రేకు మీద నడవాలంటే స్క్రూల వరస చూసుకోండి, ఆ వరస కిందే అడ్డ పైపు ఉంటుంది. కాలు ఆ వరస మీద, రేకు పల్లంలో పడాలి, గట్టు మీద వేస్తే గట్టు నలిగిపోతుంది, రెండు పైపుల మధ్య వేస్తే రేకు కుంగి జాయింట్ తెరుచుకుంటుంది, అప్పుడు లీకు మనమే చేసినట్టు. నేనైతే సెంట్రింగ్ చెక్క ఒకటి రెండు పైపుల మీద పడేలా పరిచి, దాని మీద మోకాళ్ళతో కూర్చునే పని చేస్తా. తాడు నడుముకి కట్టుకుంటే రెండో కొస డాబా పిల్లరుకి కట్టాలి, షెడ్డు పైపుకి కాదు. కింద కార్ తీసేయండి, పిల్లల్ని అటు రానివ్వకండి. టైము అంటారా, మే నెలలో పొద్దున్న తొమ్మిది దాటితే రేకు మీద చెయ్యి పెట్టలేం, అందుకని తెల్లవారగానే, అదీ మంచు తడి ఆరాకే. వాన పడ్డ మర్నాడు పాచి ఉంటుంది, ఆ రోజు ఎవరెంత చెప్పినా వద్దు.

లీకు ఎక్కడుందో వెతకడానికీ పైకి ఎక్కక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం షెడ్డు కింద నిలబడి పైకి చూస్తే బొక్కలున్న చోట సూదిమొన అంత వెలుగు చుక్కలు కనపడతాయి, కింద నుంచే చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. అలా దొరక్కపోతే ఒకళ్ళు ట్యూబుతో నీళ్ళు కొట్టాలి, అంచు దగ్గర మొదలెట్టి మెల్లగా పైకి పోవాలి, పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అంతా పాకి ఏది లీకో తెలియదు. నాకు ఎక్కువగా దొరికే దొంగ స్క్రూ కింద నల్ల రబ్బరు వాషరు. ఎండకి ఎండి గోటితో గీరితే పొడిపొడిగా రాలుతుంది. స్క్రూ విప్పి కొత్త వాషరు వేసి బిగించండి, బలం కొద్దీ కాదు, రబ్బరు కాస్త నొక్కుకుంటే చాలు, పక్కలకి ఉబ్బిందంటే ఎక్కువైనట్టే. పాత బొక్క లూజైతే ఒక సైజు లావు స్క్రూ. ఊరికే సిలికాన్ పూసేసి వెళ్ళే వాళ్ళున్నారు, అది వచ్చే ఎండాకాలం దాకానే. డ్రిల్ చేస్తే పడిన ఇనప రజను వెంటనే ఊడ్చేయాలి, వదిలేస్తే అది తుప్పు పట్టి రేకుకి కూడా అంటిస్తుంది. తుప్పు మచ్చలు ఉంటే గీకి ప్రైమర్ వేసి ఆ పైన పెయింట్. ఏసీ నీళ్ళు కారే చోటు ఒకసారి చూసుకోండి, అక్కడే మొదలవుతుంది, పైపు పెట్టి కిందకి దింపించేయండి.

ఫైబర్ రేకులకి సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ. థిన్నర్, పెట్రోల్, గిన్నెలు తోమే పీచు వద్దు, మసకేసిపోతాయి.

మీ అమ్మగారు వడియాలు రేకు మీద పెడతా అంటున్నారన్నారు, డాబా మీద పెట్టమనండి, రోజూ రెండు పూటలా ఆవిడ నిచ్చెన ఎక్కడం దేనికి.

ఎప్పుడు చేయాలంటే జూన్ వానల ముందు ఒకసారి, మళ్ళీ సెప్టెంబర్ చివర్లో. మన దగ్గర తుఫాన్లు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే వస్తాయి, 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది, గుంటూరుకి అదెంత దూరం. స్క్రూ లూజుగా ఉన్న రేకుని గాలి కింద నుంచి ఎత్తేస్తుంది, బరువుకని పెట్టిన ఇటుకలు, పాత టైర్లు కూడా దాంతో ఎగురుతాయి, అవి దింపేసి స్క్రూలు బిగించండి.

మీకు బీపీ, కళ్ళు తిరగడం లాంటివి ఉన్నా, షెడ్డు పది అడుగులు దాటి ఉన్నా మనిషిని పెట్టుకోండి. వేసిన వెల్డింగ్ అతన్నే పిలవండి, పైపులు ఎక్కడున్నాయో అతనికి తెలుసు. వచ్చినవాడు చెక్క అడక్కుండా చెప్పుల్తో నేరుగా రేకు మీదకి దూకబోతుంటే మాత్రం టీ ఇచ్చి పంపించేసి ఇంకొకళ్ళని చూసుకోండి.