ఊరి ఆరోగ్యానికి డబ్బు అడగబోయే ముందు

చిన్నమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. మన ఊళ్లో షుగర్, బీపీ, రక్తహీనత మీద పని మొదలుపెడతానని, దానికి ట్రస్టు పెట్టి ఏటా పన్నెండు లక్షలు పోగుచేస్తానని రాశావు. చాలా సంతోషమేసింది తల్లీ. ఇరవై రెండేళ్లు ఈ పనిలోనే తిరిగాను కాబట్టి, తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

ముందు నీ బడ్జెట్ సంగతి. క్యాంపులకి ఆరు లక్షలు, పౌష్టికాహార కిట్లకి రెండు లక్షలు, మిషన్లకి లక్షన్నర, ప్రచారానికి లక్ష. మిగిలిన దాంట్లో ఇంటింటికీ తిరిగే నలుగురికి తలా నెలకి మూడు వేలు. ఈ లెక్క మొత్తం తిరగెయ్యి. నూరు రూపాయలు వస్తే అరవై ఆ తిరిగే మనిషికే పోవాలి. ఆమె వారం వారం అదే గడప ఎక్కితేనే ఆ ఇంట్లో తిండి మారుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా మొదటి ప్రాజెక్టు ఒక కంపెనీ డబ్బుతో రెండేళ్లు నడిచింది. ప్రారంభోత్సవానికి షామియానా, ఫ్లెక్సీలు, శాలువాలు. డబ్బు ఆగిపోయిన ఏడాదికి మళ్లీ ఆ ఊరు వెళ్లాను. మహిళా సంఘాల సమాఖ్య భవనంలో బీరువా తీసి చూపించారు. రెండు బీపీ మిషన్లు ఉన్నాయి, లోపల బ్యాటరీలు కారిపోయి తీగల మీద పచ్చగా పేరుకుంది. గ్లూకోమీటరు అట్టపెట్టెలోనే ఉంది. స్ట్రిప్పులకి గడువు తీరి ఏడు నెలలైంది. చేతులు కాళ్లు ఆడలేదు నాకు. అప్పుడే మా దగ్గర పనిచేసిన ఒకామె తన నోట్‌బుక్ తెచ్చి చూపించింది. జీతం ఆగినా, పొలానికి వెళ్లే దారిలో ఉన్న పదకొండు ఇళ్లకి మాత్రం తిరగడం మానలేదట. ఎవరు మాత్రలు తెచ్చుకున్నారో, ఎవరు తెచ్చుకోలేదో పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంది. ఊరంతా వెతికినా మందులు తప్పకుండా వేసుకుంటున్నవాళ్లు ఆ పదకొండు ఇళ్లలోనే కనిపించారు.

క్యాంపులు అసలు వద్దని అనను. కానీ ముప్పై దాటిన వాళ్లకి బీపీ, షుగర్ పరీక్షలు చేయడం ప్రభుత్వం పనిలోనే ఉంది. ఆశా కార్యకర్త ఫారం నింపుతుంది, నడుం చుట్టుకొలత కూడా రాసుకుంటుంది. పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, షుగర్‌కి వేసే మెట్‌ఫార్మిన్, బీపీ మాత్రలు ఉచితం. ఉన్న పరీక్షలే మళ్లీ చేయించడానికి దాతల డబ్బు పెట్టకు. బీపీ ఉందని తేలినవాళ్లని పీహెచ్‌సీ దాకా తీసుకెళ్లి, మూడు నెలల తర్వాత కూడా వెళుతున్నారో లేదో చూసే మనిషి ఎవరూ ఉండరు. నీ ట్రస్టు పూడ్చాల్సింది ఆ ఖాళీనే. ఊరి ఆరోగ్య నర్సు ఏఎన్ఎంతో, ఆశాతో ముందే కూర్చుని మాట్లాడుకో. వాళ్లకి పోటీగా వచ్చావనుకుంటే పని సాగదు.

ఇక దాతలకి ఏం చెప్పాలి? షుగర్ పూర్తిగా పోగొడతామని ఎవరికీ మాట ఇవ్వకు. 2006లో చెన్నై నుంచి వచ్చిన ఒక పరిశోధన ఫలితం నేను ఎప్పుడూ దగ్గర పెట్టుకునేదాన్ని. షుగర్ అంచున ఉన్నవాళ్లని మూడేళ్లు గమనించారు. మామూలుగా వదిలేసిన వాళ్లలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్చుకోమని వెంటపడి చెప్పిన వాళ్లలో నూటికి 39 మందికి వచ్చింది. అంటే నూరు మందిలో పదహారు మందిని కాపాడారు. ఆ పదహారు నాకు చాలా పెద్ద సంఖ్య. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది అంచున ఉన్నారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే చెప్పింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇంగితం ఉన్న దాతకి అర్థమవుతుంది. అర్థం కాని దాత డబ్బు నీకు రెండో ఏడు ఎలాగూ రాదు.

మా వల్ల జరిగిన తప్పు ఒకటి చెప్పాలి. చిరుధాన్యాల మీద మీటింగులు పెట్టిన రోజుల్లో మా వక్త ఒకాయన ఉత్సాహంలో, కొర్రలు తింటే మాత్రల అవసరమే ఉండదన్నాడు. నేను పక్కనే ఉన్నాను, సరిదిద్దలేదు. ముందు వరసలో కూర్చున్న ఒక తాత ఆ రోజు నుంచి మాత్రలు మానేశాడు. ఐదు నెలలకి కాలి పుండు ముదిరి రెండు వేళ్లు తీసేశారు. మందు తగ్గించాలా మానాలా అన్నది డాక్టరు చెప్పాలి, మన మైకులో ఆ మాట రాకూడదు. కార్యకర్తలకి మొదటి రోజు శిక్షణలోనే ఈ సంగతి చెప్పు.

ఫలితం ఎలా కొలవాలని అడిగావు. ఖర్చులేని పద్ధతి ఒకటి ఉంది. ఇంట్లో వాడేసిన నూనె ప్యాకెట్లు, ఉప్పు ప్యాకెట్లు పారేయకుండా వంటింట్లో మేకుకి గుచ్చమనేవాళ్లం. నెలాఖరుకి కార్యకర్త వెళ్లి లెక్కపెడుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మనిషికి రోజుకి ఉప్పు 5 గ్రాములు మించకూడదు, నూనె 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి కిలో ఉప్పు నెలన్నర దాటి రావాలి. నూనె నెలకి మూడున్నర లీటరు ప్యాకెట్లు చాలు. మేకుకి ఆరు ప్యాకెట్లు వేలాడుతుంటే ఉపన్యాసం అక్కర్లేదు, ఆ ఇల్లాలే నోరు నొక్కుకుంటుంది. మనవైపు ఊరగాయల ఉప్పు వేరే ఉంటుంది. జాడీల సంగతి విడిగా అడిగి రాసుకోవాలి.

కిట్ల గురించి కూడా నాకు అభ్యంతరం ఉంది. పొడి డబ్బా ఇచ్చి ఫొటో తీసుకుంటాం. ఆ పొడి ఇంట్లో మగపిల్లాడి పాలలోకి పోతుంది. ఒకసారి మధ్యాహ్నం పూట ఒకింట్లో కూర్చున్నాను. ఆమె భర్తకి, అత్తగారికి, పిల్లలకి పప్పు వడ్డించింది. తన వంతు వచ్చేసరికి గిన్నె అడుగున నీళ్లు మిగిలాయి. అన్నంలో పచ్చడి కలుపుకుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ 58 మందీ ఈ గిన్నె అడుగునే కనిపించారు నాకు. కిట్ల డబ్బుతో వారానికోసారి ఆడవాళ్లంతా కలిసి వండుకుని ఒకే పంక్తిలో కూర్చుని తినే ఏర్పాటు చెయ్యి. మునగాకు పప్పు, గుడ్డు, జొన్న రొట్టె చాలు. మిగిలిన ఆరు రోజుల సంగతి అక్కడే మాటల్లో బయటికొస్తుంది. అత్తగార్లని కూడా తప్పకుండా పిలువు.

డబ్బు దారులు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు మీద ఇప్పుడే ఆశ పెట్టుకోకు. 2013 కంపెనీల చట్టంలో పెద్ద కంపెనీలు సగటు లాభాల్లో రెండు శాతం ఖర్చు చేయాలని ఉంది, పోషకాహారం, వ్యాధి నివారణ ఆ జాబితాలో మొదటి వరసలోనే ఉన్నాయి. కానీ ట్రస్టుకి ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం, ఆదాయపన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ అనే నమోదులు, కంపెనీల మంత్రిత్వ శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. ఈలోగా పాత సంస్థ ఏదైనా మంచిది చూసుకుని వాళ్లతో కలిసి అడగొచ్చు.

డల్లాస్‌లో మీ బావగారి స్నేహితులు ఇస్తామన్నారని రాశావు. వాళ్లలో మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, చేతిలో భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇచ్చేది విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి కావాలి, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. ఆ డబ్బు మీ అమ్మ ఖాతాలో వేయించుకుని ట్రస్టుకి మళ్లిద్దామన్న ఆలోచన వద్దే వద్దు. మంచి పని చేస్తూ టెన్షన్ కొనితెచ్చుకోకు.

మొదటి ఏడాది డబ్బు ఊళ్లోంచే రావాలి. ఆబ్దికాలకి, పిల్లల పుట్టినరోజులకి అన్నదానం చేయించే కుటుంబాలు మనూళ్లో ముప్పై దాకా ఉంటాయి. వాళ్ల దగ్గరికి వెళ్లి, "మీ నాన్నగారి పేరు మీద ఒక కార్యకర్తకి ఒక నెల జీతం ఇవ్వండి" అని అడుగు. నువ్వు రాసిన మూడు వేలు కాదు, ఎనిమిది వేలు. ఏడాది చివర ఆమె తిరిగిన ఇళ్ల లెక్క వాళ్లకి చూపించు. పన్నెండు కుటుంబాలు ఒప్పుకుంటే ఒక మనిషికి ఏడాది జీతం వచ్చినట్టే. నలుగురు వద్దు, ఇద్దరితో మొదలుపెట్టు. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి ఏటా పదివేల దాకా నిధి ఉంటుంది. మన ఊళ్లో అది దేనికి ఖర్చవుతోందో సర్పంచిని, ఏఎన్ఎంని మర్యాదగా అడిగి కనుక్కో.

ఉగాదికి నేను ఊరొస్తున్నాను. ఆలోపు బడ్జెట్ కొత్తగా రాసి పంపు. కార్యకర్తలుగా ఎవరిని అనుకుంటున్నావో కూడా రాయి. వాళ్లతో కలిసి నాలుగు ఇళ్లు తిరిగి చూస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ