నాన్నగారి చిట్టాలో అత్తయ్య నగలు

నిజామాబాద్ జిల్లా వర్ని దగ్గర క్యాంపు నుంచి రాసిన తమ్ముడికి,

మిగతావాళ్ళకి అర్థం కావాలి కదా, నీ సంగతి ముందు క్లుప్తంగా చెప్తా. వీళ్ళ తాతగారు కృష్ణా జిల్లాలో ఉన్న కొద్దిపాటి పొలం అమ్ముకుని నిజాంసాగర్ కాలవ కిందకి వలసొచ్చి భూమి కొన్నారు, అలా వచ్చినవాళ్ళ ఊళ్ళనే అక్కడ క్యాంపులంటారు. నాన్నగారు వరి, చెరకు పండిస్తూనే 1984లో ఎరువుల కొట్టు పెట్టి తర్వాత రైస్ మిల్లు దాకా వెళ్ళారు, పోయినేడు కాలం చేశారు. సంవత్సరీకానికి ఆయన జీవితం చిన్న పుస్తకంగా వేసి చుట్టాలకి పంచుదామని ఈ తమ్ముడు కూర్చుంటే కొట్టు బీరువాలో పాత చిట్టా దొరికింది. నాన్నగారి చేతిరాతే, "అక్కయ్య నగలు 11 తులాలు, కొట్టు సరుకుకి". తిరిగిచ్చినట్టు ఎక్కడా లేదు. ఇంట్లో చెప్పుకునే కథేమో ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా పైకొచ్చాడని. ఆ అత్తయ్యేమో ఏళ్ళ తరబడి వీళ్ళ గడప తొక్కట్లేదు, అన్నయ్య ఆ పేజీ చింపి అవతల పారెయ్యమంటున్నాడు.

చింపొద్దు. ఫొటో తీసి పెట్టుకో, ఆ చిట్టా నీ దగ్గరే ఉంచు.

ఇది రాస్తే నాన్న చిన్నబోతారని నీ భయం. నాకలా అనిపించట్లేదు. ఎరువుల కొట్టు లెక్క నీకు తెలిసిందే, సరుక్కి డబ్బు ముందే కట్టాలి, రైతుకేమో ఉద్దెర ఇవ్వాలి, వడ్లు అమ్మాక గానీ ఖాతా తీరదు, ఒక ఏడు కాలవ నీళ్ళు సరిగ్గా రాకపోతే అదీ తీరదు, మధ్యలో ఆ లోటు పూడ్చేది చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళ బంగారమే. మీ నాన్నగారు దాన్ని తన చేత్తో రాసి ఇన్నేళ్ళు బీరువాలో ఉంచారు, ఎగ్గొట్టే ఉద్దేశం ఉన్న మనిషి అలా రాసి పెట్టుకోడు. వేరే రూపంలో తీర్చారేమో కూడా, మేనకోడలి పెళ్ళికి ఇచ్చారేమో, అది మీ అత్తయ్యకే తెలుసు.

కాబట్టి ముందు ఆవిడ దగ్గరికెళ్ళు. ఫోన్లో కాదు, మనిషివి వెళ్ళు, మొదటిసారి అన్నయ్య లేకుండా. వెళ్ళగానే నగల మాట ఎత్తకు, ఎంత ఇమ్మంటావని అసలే అడక్కు. తాతగారు క్యాంపుకి వచ్చిన రోజులు, నాన్న చిన్నతనం, అవి అడుగు, ఆయన్ని పసివాడిగా ఎత్తుకున్న మనిషి ఇప్పుడు ఆవిడొక్కతే కదా, ఆవిడ లేకుండా నీ పుస్తకంలో మొదటి ఇరవై ఏళ్ళు ఎవరు చెప్తారు? తనే నగల మాట తీసి తిట్టిందనుకో, నాన్న తరఫున వకాల్తా పుచ్చుకోకు, కూర్చుని విను.

ఇక అన్నయ్య. ఆయన బెంగ బంగారం గురించి కాదు, పొలంలో అత్తయ్య వాటా అడుగుతుందేమోనని, అని నా అనుమానం. 1986లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం పిత్రార్జితంలో ఆడపిల్లలకి వాటా ఇచ్చింది గానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళకి ఇవ్వలేదు, ఆ ధీమాతోనే చాలామంది అన్నదమ్ములు ఉండిపోయారు. 2005లో హిందూ వారసత్వ చట్టానికి కేంద్రం సవరణ వచ్చాక పెళ్ళితో పని లేదు, అప్పటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కాకపోతే 2004 డిసెంబర్ 20కి ముందే పక్కాగా రిజిస్టరై పంపకాలు అయిపోయుంటే వాటిని తిరగదోడరు. అసలు మీ తాతగారి భూమి పిత్రార్జితం కిందకొస్తుందా స్వార్జితమా, వీలునామా ఉందా, అత్తయ్య ఎక్కడైనా సంతకం పెట్టిందా, ఈ కాగితాలు పట్టుకెళ్ళి లాయరుకి చూపించండి. అత్తయ్యకి విడిగా సలహా కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకి ఉచితంగా లాయర్ని ఇస్తారు, ఆ సంగతి నువ్వే చెప్పు, దాచకు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా, "ఎలాగూ వెళ్తున్నావ్ కదా, హక్కు వదులుకున్నట్టు ఒక సంతకం పెట్టించుకురా" అని అన్నయ్య అంటే ససేమిరా ఒప్పుకోకు. అదొక్కటి చేస్తే ఆవిడ ఈ జన్మలో మీ మొహం చూడదు.

నగలు పుస్తకంలో రాయాలా వద్దా అనేది ఆవిడ్నే అడుగు. సరే అంటే రాయి, వద్దంటే మానెయ్, "సొంత కష్టం" అన్న మాట మాత్రం ఉన్నదున్నట్టు వెయ్యకు. సంవత్సరీకానికి ఇదంతా తెమలదనుకుంటే ప్రెస్ వాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేసి డేట్ తర్వాతకి జరపమను, ఆ రోజు భోజనాలు పెట్టుకోండి, పుస్తకం తర్వాత పంచుకోవచ్చు.