రేకు రోబోకు రంగు వేయాలా, దుమ్ము దులిపి వదిలేయాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అబ్బాయి బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో మూడు పాత జపాన్ రేకు రోబో బొమ్మలు కొనుక్కొచ్చాడు. జంగు గీకి, కొత్త రంగు వేసి అమ్ముతానంటున్నాడు. అలా బాగుచేయడం మంచిదేనా? ఈ పనిలో బతుకుదెరువు ఉందా?

జవాబు: ముందు ఆ రంగు డబ్బాకు మూత పెట్టించండి. 1950లు, 60ల నాటి జపాన్ రోబోల్లో చాలావాటికి కుంచెతో వేసిన రంగు ఉండదు. కలాయి పూసిన పల్చటి ఉక్కు రేకు మీద మీటర్లు, బటన్లు, బోల్టు తలలు అన్నీ అచ్చు వేసి, పైన వార్నిష్ పూశారు. కలాయి గిన్నెను పీచుతో గట్టిగా రుద్దితే లోపలి ఇత్తడి తేలినట్టే, ఇక్కడ ఇనుము తేలుతుంది. జంగు అక్కడి నుంచే మొదలవుతుంది. పోయిన అచ్చును మళ్లీ వేయలేం, రంగుతో కప్పగలం అంతే. అందుకే గీతలు పడ్డ అసలు రోబోకు ఇచ్చే ధర నిగనిగలాడే కొత్త రంగుకు పాత బొమ్మలు సేకరించేవాళ్లు ఇవ్వరు. అదీగాక పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. శాండ్ పేపర్ పడితే ఆ పొడి ఇంట్లోవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కాబట్టి శుభ్రం చేయొచ్చు, పునరుద్ధరణ అక్కర్లేదు. తర్వాత ఇంకొకరు వెనక్కి తీయగలిగిన పనే చేయాలి.

ముట్టుకునే ముందు ఆరు వైపులా ఫొటోలు తీయమనండి. పాదాల అడుగున, వీపున ఉన్న అక్షరాలు దగ్గరగా రావాలి. ‘మేడిన్ ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ మీద సాగిన విదేశీ ఆక్రమణ కాలానిది, అంటే 1952 ఏప్రిల్‌కు ముందుదన్నమాట. చాలామంది జంగు అనుకుని ఆ అక్షరాలనే తుడిచేస్తారు.

నీళ్ల సంగతి. మన నల్లగొండ జిల్లా బోరు నీళ్లు ఫ్లోరైడ్‌కు పేరుమోసినవి, పైగా చాలాచోట్ల ఉప్పునీళ్లు. ఆరాక తెల్ల మచ్చలు మిగులుతాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడాలి. అర లీటరు నీళ్లలో రెండు చుక్కలు, అంతకు మించకుండా, రంగూ వాసనా లేని ద్రవ సబ్బు చాలు. పుల్లకు చుట్టిన దూదిని అందులో ముంచి, టిష్యూ మీద ఒత్తి, తేమ మాత్రమే మిగిలేలా చేయాలి. ముందు ఎవరికీ కనిపించని పాదం అడుగున పరీక్షించాలి. దూదిని రుద్దొద్దు, దొర్లించాలి, ఒకసారికి అంగుళం చోటే. దూదికి బూడిద రంగు అంటితే మురికి. ఎరుపు, నీలం, పసుపు అంటితే అది అచ్చు సిరా, అక్కడితో ఆపేయాలి. తర్వాత నీళ్లొక్కటే తడిపిన దూది, ఆపైన వెంటనే పొడి గుడ్డ. బొమ్మను నీళ్లలో ముంచితే అతుకుల్లోంచి లోపలికి దిగి, పూత లేని రేకు అంచుల దగ్గర లోపలే జంగు పడుతుంది. పెట్రోలు, థిన్నర్, నెయిల్ పాలిష్ తీసే ద్రవం వార్నిష్‌ను కరిగిస్తాయి. ఇంట్లో ఇత్తడి తోమే చింతపండు, నిమ్మకాయ అసలు దగ్గరికి రానీయొద్దు.

పైకి తేలిన జంగు పొడిని మెత్తని బ్రష్‌తో దులపాలి. బయటపడ్డ ఇనుము మీద మాత్రం మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ (పెట్రోలియం నుంచి తీసే ఒక రకం మైనం) పల్చగా రాయాలి.

సెల్లుల గూడు దగ్గరే మీ అబ్బాయి కెమిస్ట్రీ పనికొస్తుంది. పాత జింక్-కార్బన్ సెల్లు కారితే వచ్చేది ఆమ్ల గుణం, తర్వాత ఎవరైనా ఆల్కలైన్ సెల్లు వేసి మరిచిపోతే క్షారం. పీహెచ్ కాగితాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి అంటిస్తే తెలుస్తుంది. ఆమ్లమైతే పల్చటి వంటసోడా నీళ్లు, క్షారమైతే కొద్దిగా వెనిగర్, రెండూ కాంటాక్టుల (సెల్లు తగిలే లోహపు ముక్కల) మీదే, దూదితో. చివర్లో డిస్టిల్డ్ వాటర్, ఆరబెట్టడం. తిరగేసి వేస్తే ఉన్న ఆమ్లానికి ఇంకో ఆమ్లం తోడై కాంటాక్టును తినేస్తుంది.

పనిచేస్తుందో లేదో చూద్దామని వెంటనే సెల్లు పెట్టొద్దు. గడ్డకట్టిన పాత గ్రీజుతో గేర్లు బిగుసుకుంటాయి, మోటారు గింజుకుని కాలిపోతుంది లేదా పళ్లు విరుగుతాయి. గ్రీజు తీయాలంటే రేకు కొక్కేలు వంచి విప్పాలి. పల్చటి రేకు కొక్కెం రెండు మూడుసార్లు వంగితే తెగుతుంది. విప్పడమంటే ఆ కొక్కెంలోంచి ఒక వంపు ఖర్చు పెట్టడమే. తెగితే టంకం పెట్టాలి, రేకు అంత వేడెక్కిందంటే అవతలి వైపు అచ్చు నల్లబడుతుంది. షోకేసులో పెట్టే బొమ్మకు ఇంత తండ్లాట ఎందుకు? నడవకపోయినా దాని విలువ దానికి ఉంటుంది. విరిగిన యాంటెనా లాంటిది కొత్తగా పెట్టిస్తే, అది కొత్తదని అమ్మేటప్పుడు రాసి చెప్పాలి. ఇదొక్కటి దాచినా పేరు పోతుంది.

ఇక మీ అసలు భయం. ఒట్టి రోబోల మీద ఇల్లు గడవదు. వాటి కొనుగోలుదారులు ఎక్కువగా జపాన్, అమెరికా, యూరప్‌లో ఉంటారు. కానీ పైన చెప్పిన పనికి మన దేశంలో ఒక పేరు, చదువు, ఉద్యోగం ఉన్నాయి, దాన్ని కన్జర్వేషన్ అంటారు. డిగ్రీ ఆపొద్దు. ఆ తర్వాత నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్ ఎంఏ ఉంది. దాని పాత పేరు నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్. లక్నోలోని నేషనల్ రీసెర్చ్ లాబొరేటరీ ఫర్ కన్జర్వేషన్ ఆఫ్ కల్చరల్ ప్రాపర్టీ శిక్షణలు ఇస్తుంది. అర్హతలు నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. కెమిస్టుల అవసరం ఉండే కేంద్ర పురావస్తు శాఖ సైన్స్ బ్రాంచ్ డెహ్రాడూన్‌లో ఉంది, సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ కన్జర్వేషన్ లేబొరేటరీ ఉంది. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. అందుకే ఎమ్మెస్సీ కెమిస్ట్రీని రెండో దారిగా ఉంచుకోమనండి, మహాత్మా గాంధీ యూనివర్సిటీ పక్కనే నల్లగొండలో ఉంది.

ఇప్పటికి ఒక నోట్‌బుక్ కొనివ్వండి. మూడింటిలో బాగా చెడిపోయిన ఒక్కదాన్ని పై పద్ధతిలో శుభ్రం చేసి, ముందు ఫొటో, వాడిన ద్రవం, పాళ్లు, దూదికి అంటిన రంగు, ఎక్కడ ఆపాడు, ఎందుకు ఆపాడు అన్నీ తేదీతో రాయాలి. మిగతా రెండింటినీ తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లతో అట్టపెట్టెలో పెట్టి, సెల్లులు తీసేసి, అటక మీద కాకుండా నీడ గదిలో ఉంచమనండి. ఎండకాలం సెలవుల్లో నల్లగొండ దగ్గరి పానగల్ మ్యూజియంకో, పాలమూరు పిల్లలమర్రి మ్యూజియంకో ఆ నోట్‌బుక్ పట్టుకెళ్లి, సాయానికి రావొచ్చా అని అడగాలి.