కార్బన్ షాఫ్ట్ కొనాలా, కట్టె షాఫ్ట్‌తోనే ఆడాలా?

మీరు అడిగింది ఇది: హనుమకొండలో రెండేళ్లుగా పూల్ ఆడుతున్నారు, మేపుల్ కట్టె క్యూ (బంతి కొట్టే కర్ర) ఉంది, వానలు మొదలయ్యాక షాఫ్ట్ (క్యూ ముందుభాగం) వంగినట్టు అనిపిస్తోంది. కార్బన్ ఫైబర్ షాఫ్ట్ వేసుకుంటే వంకర బాధ ఉండదని, స్పిన్ (బంతి గిర్రున తిరగడం) కూడా బాగా పెరుగుతుందని పూల్ పార్లర్‌లో అంటున్నారు. అంత డబ్బు పెట్టొచ్చా?

వంకర గురించి వాళ్లు చెప్పింది నిజం. స్పిన్ గురించి చెప్పింది నిజం కాదు. నేను పదకొండేళ్లు మేపుల్‌తో ఆడి నాలుగేళ్ల కింద కార్బన్‌కు మారాను. నా అనుభవం మన ఊరి ఎండావానలతో కలిసినది కాబట్టి మీకు పనికొస్తుందనుకుంటున్నాను.

నా మొదటి సొంత క్యూ మేపుల్‌దే. మే నెల మధ్యాహ్నం కాజీపేట నుంచి సుబేదారి దాకా బండి మీద, బ్యాగు వీపుకు తగిలించుకుని వచ్చేవాణ్ణి. అంత ఎండలో నుంచి నేరుగా పార్లర్ ఏసీలోకి. వానాకాలం రాత్రుళ్లు నయీంనగర్‌లో నేను అద్దెకున్న గదిలో, చెమ్మ పట్టిన గోడకు ఓ మూల ఆనించి పెట్టేవాణ్ణి. ఒక ఆగస్టులో షాఫ్ట్ విడదీసి టేబుల్ మీద దొర్లిస్తే మధ్యభాగం లేస్తూ పడుతూ పోయింది. కింద నుంచి వెలుతురు సన్నని గీతలా కనబడుతోంది, మళ్లీ మూసుకుంటోంది. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మా మేనమామ నర్సంపేటలో వడ్రంగి. ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఒక కన్ను మూసి, షాఫ్ట్‌ను దూలం చూసినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు చూస్తూ మెల్లగా తిప్పాడు. "అల్లుడా, కట్టె ఊకనే వంగదు. గోడకు ఆనిచ్చి పెట్టినవా?" అన్నాడు. కాపి సాపు చెయ్యమని బతిమాలాను. చెయ్యనన్నాడు. "కాపితే ఇయ్యాల సాపయితది. రేపు మల్ల దాని తొవ్వ అదే పడ్తది." బండి చక్రం ఆకులకు తెచ్చిన తుమ్మకట్టెను నీడలో అన్ని రోజులు ఎందుకు ఆరబెడతారో ఆ రోజే నాకు అర్థమయ్యేలా చెప్పాడు. చెట్టు కొట్టేసినా కట్టె తడి పీల్చుకోవడం, వదలడం మానదు. ఒక పక్క ఎక్కువ పీల్చుకుంటే ఆ పక్క ఉబ్బుతుంది, కర్ర రెండో పక్కకు తిరుగుతుంది.

పూల్ షాఫ్ట్‌కు ఈ బాధ ఇంకా ఎక్కువ. చేతివేళ్ల మధ్య జారాలని షాఫ్ట్ మీద పూత చాలా పల్చగా ఉంచుతారు. గాలిలో చెమ్మ, చేతి చెమట రెండూ లోపలికి పోతాయి. క్యూ కొసకు రుద్దే చాక్ నీలం రంగు కూడా దాని రంధ్రాల్లోనే కూర్చుంటుంది. కార్బన్ షాఫ్ట్‌కు ఇవేవీ లేవు. అది కార్బన్ పోగులను ఎపాక్సీ రెసిన్‌తో గట్టిపరిచిన బోలు గొట్టం. నీళ్లు పీల్చదు, వానాకాలం ఎండాకాలం ఒకేలా ఉంటుంది. గుడ్డ మీద కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి తుడిస్తే మురికి పోతుంది. ఈ నాలుగేళ్లలో నా షాఫ్ట్ దొర్లించి చూసిన ప్రతిసారీ నేరుగానే పోయింది. వరంగల్‌లో ఉండేవాడికి కార్బన్ కొనడానికి నాకు కనిపించే అసలు కారణం ఇదే.

ఇక స్పిన్. మనం క్యూతో కొట్టే తెల్ల బంతికి ఎంత స్పిన్ వస్తుందన్నది టిప్ (షాఫ్ట్ కొసన ఉండే తోలుముక్క) దాని మధ్యకు ఎంత దూరంలో తగిలింది, ఎంత వేగంతో తగిలింది అన్న రెండింటి మీదే ఆధారపడుతుంది. టిప్ జారకుండా పట్టుకోవాలి, దానికి చాక్ ఉంటే చాలు. షాఫ్ట్ కట్టెదా కార్బన్‌దా అన్నది బంతికి తెలియదు. మరి కార్బన్‌కు మారినవాళ్లందరూ స్పిన్ పెరిగిందని ఎందుకు అంటారు? డిఫ్లెక్షన్, అంటే బంతి గీత తప్పి పక్కకు జరగడం, తగ్గడం వల్ల.

బంతిని ఎడమ పక్క కొడితే అది మనం గురిపెట్టిన గీత మీద పోదు, కొంచెం కుడికి జరిగి పోతుంది. టిప్, బంతి తాకి ఉండేది సుమారు సెకనులో వెయ్యో వంతు. ఆ కాస్త సమయంలోనే తిరుగుతున్న బంతి షాఫ్ట్ కొసను పక్కకు నెడుతుంది. కొస బరువుగా ఉంటే అది తేలిగ్గా జరగదు, ఎదురుగా బంతినే నెట్టేస్తుంది. కొస తేలికైతే అదే జరిగిపోతుంది, బంతి గీత మీద ఎక్కువగా నిలుస్తుంది. ఒక్క డిగ్రీ తేడా అంటే చిన్నదనిపిస్తుంది. కానీ 140 సెంటీమీటర్ల దూరంలో అది దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. పూల్ బంతి వ్యాసమే 57 మిల్లీమీటర్లు. ఆ తేడాతో పాట్ (బంతిని పాకెట్‌లో వేయడం) మాట దేవుడెరుగు, కొన్నిసార్లు తాకాల్సిన బంతి అంచును కూడా తాకం.

మామూలు మేపుల్‌తో సైడ్ పెట్టినప్పుడల్లా, అంటే బంతిని పక్కన కొట్టినప్పుడల్లా, ఈ జరుగుబాటును మనసులో లెక్క వేసుకుని గురి పక్కకు మార్చాలి. భయంతో చాలామంది టిప్‌ను బంతి మధ్యకే దగ్గరగా ఉంచుతారు. డిఫ్లెక్షన్ తక్కువున్న షాఫ్ట్ చేతికొస్తే ధైర్యం వస్తుంది, టిప్ ఇంకా పక్కకు పోతుంది, స్పిన్ అక్కడి నుంచి వస్తుంది. ఇంకో మాట, డిఫ్లెక్షన్ తగ్గించడం కార్బన్ కనిపెట్టిన విద్య కాదు. 1990లలోనే ప్రిడేటర్ కంపెనీ 314 అనే మేపుల్ షాఫ్ట్‌తో కొస బరువు తగ్గించి చూపించింది. అదే కంపెనీ రెవో అనే కార్బన్ షాఫ్ట్‌ను 2016లో తెచ్చింది, ఆ తర్వాతే అందరూ ఈ దారి పట్టారు. కాబట్టి డిఫ్లెక్షన్ ఒక్కటే మీ బాధైతే లో-డిఫ్లెక్షన్ మేపుల్ కూడా ఉంది.

నేను మారినప్పుడు మొదటి మూడు నెలలు ఆట పాడైంది. పదకొండేళ్లు గురి పక్కకు మార్చుకునే అలవాటు చేతిలో కూర్చుంది కదా. కొత్త షాఫ్ట్ బంతిని గీత మీద పంపుతోంది, నేను పాత లెక్క వేస్తున్నాను, పాట్ అవతలి పక్కకు తప్పుతోంది. మ్యాచ్‌లో చాలా టెన్షన్ పడ్డాను. మధ్యలో మళ్లీ పాత క్యూ పట్టుకుంటే రెండూ చెడ్డాయి. మారితే పూర్తిగా మారాలి. మీరు ఇంకా రెండేళ్ల ఆటలోనే ఉన్నారు, అలవాటు అంత గట్టిపడి ఉండదు. ఈ విషయంలో మీకు నాకంటే సులువు.

కట్టెలో ఉన్న హాయి మాత్రం నేను మర్చిపోలేదు. మేపుల్‌తో బంతి కొట్టగానే ఆ దెబ్బ అరచేతికి వచ్చి చెబుతుంది, మధ్యలో తగిలిందా పక్కకు పోయిందా అని. కార్బన్ చప్పుడు బోలుగా, పొడిగా ఉంటుంది. మొదట్లో గాజు గ్లాసు మీద గోటితో కొట్టినట్టు అనిపించింది. తయారీదారులు లోపల ఫోమ్ నింపి దాన్ని తగ్గిస్తున్నారు, అయినా అది కట్టె కాదు. బల్ల అంచుకు తగిలి మేపుల్‌కు సొట్ట పడితే వేళ్ల మధ్య జొన్నగింజ దొర్లినట్టు తెలుస్తుంది. కానీ ఆ చోట తడిగుడ్డ ముక్క కాసేపు పెడితే కట్టె ఉబ్బి సొట్ట పైకొస్తుంది. ఆరాక తోలుముక్కతో గట్టిగా రుద్దితే నున్నగా అవుతుంది. కార్బన్‌కు అలాంటి సొట్టలు పడవు, కానీ గట్టి దెబ్బకు పగులు పడితే ఇంట్లో చేయగలిగిందేమీ లేదు. టిప్ మార్చేటప్పుడు కూడా జాగ్రత్త. కట్టె షాఫ్ట్‌లా పక్కల మీద ఉప్పుకాగితం ఆడించకూడదు, పోగులు తెగుతాయి. కార్బన్ చేసిన అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వండి.

పెద్ద ఆటగాళ్లను చూసి తేల్చుకోవద్దు. ఎఫ్రెన్ రేయెస్ 1999లో ప్రపంచ 9-బాల్ టైటిల్ గెలిచింది కట్టె షాఫ్ట్‌తో. షేన్ వాన్ బోనింగ్ 2022లో అదే టైటిల్ గెలిచింది కార్బన్‌తో. మీరు స్నూకర్ కూడా ఎక్కువ ఆడుతుంటే ఇంకోసారి ఆలోచించండి. స్నూకర్ క్యూలు ఇప్పటికీ ఎక్కువగా యాష్ కర్రతోనే చేస్తారు, టిప్ కూడా సుమారు 9.5 మిల్లీమీటర్లే. పూల్ కోసం తీసుకునే 12.4 లేదా 12.9 మిల్లీమీటర్ల కార్బన్ షాఫ్ట్ ఆ చిన్న బంతులకు సరిపడదు.

డబ్బు విషయం. పేరున్న కంపెనీల కార్బన్ షాఫ్ట్ ఒక్కటే అమెరికాలో సుమారు 400 నుంచి 550 డాలర్లు ఉంటుంది, దాని మీద షిప్పింగ్, కస్టమ్స్ సుంకం. ఆర్డర్ పెట్టేముందు మీ బట్‌లో (క్యూ వెనకభాగంలో) షాఫ్ట్‌ను బిగించే పిన్ ఏ రకమో కచ్చితంగా తెలుసుకోండి. 3/8-10, 5/16-18, యూని-లాక్, రేడియల్ అని రకాలున్నాయి, మామూలుగా ఒకదానిలో ఇంకొకటి సరిగ్గా ఎక్కదు. నేను మొదట తెప్పించిన షాఫ్ట్ అలా కలవక తిరిగి పంపాల్సి వచ్చింది, ఒక నెల పోయింది.

అంతకంటే ముందు మీ షాఫ్ట్ నిజంగా వంగిందో లేదో చూడండి. మొత్తం క్యూ కాదు, షాఫ్ట్ ఒక్కటే విడదీసి టేబుల్ మీద దొర్లించండి. అది నేరుగా దొర్లి, బిగించాక మాత్రం ఊగుతుంటే తప్పు జాయింట్ దగ్గరో బట్‌లోనో ఉంది, కొత్త షాఫ్ట్ దాన్ని పోగొట్టదు. టిప్ కూడా చూడండి. గట్టిపడి మెరుస్తూ చాక్ నిలవని టిప్‌తో సైడ్ పెడితే ఏ షాఫ్ట్‌తోనైనా జారుతుంది. టిప్ మార్చడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

షాఫ్ట్ కొద్దిగా వంగి ఉన్నా మధ్యలో కొట్టిన బంతి నేరుగా పోతుంటే, ఈ వానాకాలం దాంతోనే ఆడండి. గోడకు ఆనించకండి, కేసులో పడుకోబెట్టండి. బండి మీద ఎండలో వదలకండి, ఆట అయ్యాక పొడిగుడ్డతో తుడవండి. ఈలోగా పార్లర్‌లో ఎవరి దగ్గరైనా కార్బన్ ఉంటే ఒక గంట అడిగి తీసుకోండి. టేబుల్ పొడవునా నేరుగా ఒక పాట్ పెట్టి, టిప్‌ను ఎడమకు ఒక టిప్ వెడల్పు జరిపి, గురి మార్చకుండా ఇరవైసార్లు కొట్టండి. బంతి ఎంత తప్పుతోందో కుషన్ (టేబుల్ అంచు) మీద చాక్ ముక్కతో గుర్తు పెట్టుకోండి. తర్వాత మీ మేపుల్‌తో అలాగే ఇరవై కొట్టండి. రెండు గుర్తుల మధ్య దూరం చూశాక మీకు ఏది కావాలో మీకే తెలుస్తుంది. గుర్తులు తుడవడం మాత్రం మర్చిపోకండి, పార్లర్ వాళ్లకు కోపం వస్తుంది.